మా బావ కుడికాలు

మా బావ కుడికాలు సంగతి చెప్పాలంటే ముందు ఆయన కారు సంగతి చెప్పాలి. అది డ్రైవింగ్ స్కూలు కారు. నేర్చుకునేవాడి కాళ్ల దగ్గర ఉన్నట్టే పక్కసీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. ఇరవై ఆరేళ్లు ఆ పక్కసీట్లో కూర్చుని ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పి, ఒక్క గోడని కూడా గుద్దనివ్వని మనిషి ఆయన. ఆయన భార్య మా అక్క. ఆఫీసు టేబుల్ ముందు కూర్చుని ఫోన్లెత్తేది, ఎవరికి ఏ టైమో రాసిపెట్టేది, ఎవడు పిరికివాడో ఎవడు దూకుడుగాడో గొంతు వినే చెప్పేసేది. పక్కగదిలో నా జిరాక్స్ షాపు. లైసెన్సు అప్లికేషన్లు నింపడం, ఫొటోలు అంటించడం నా వంతు.

ఫిబ్రవరిలో అక్క పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే.

అప్పట్నుంచి బావకి రెండు జబ్బులు పట్టుకున్నాయి. మొదటిది బ్రేకు. కారు కదిలీ కదలకముందే తొక్కేవాడు. కుక్క కనిపిస్తే తొక్కేవాడు, కనిపించకపోతే ఎక్కణ్నుంచైనా రావచ్చని తొక్కేవాడు. ఒక బ్యాంకు గుమస్తా పదిహేను క్లాసులు పూర్తిచేసి కూడా మా వీధి మలుపు దాటలేదు. రెండో జబ్బు అబద్ధం. అక్క కోసం ఎవరు ఫోన్ చేసినా "స్నానం చేస్తోంది, తర్వాత చేయండి" అనేవాడు. ఒకావిడ మూడుసార్లు చేసి, "ఏంటి మాస్టారూ, పొద్దస్తమానం స్నానమేనా?" అని అడిగింది. పక్కగదిలోంచి విన్నాను. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. "లేదని చెప్పు బావా. ఒక్కసారి ఆ మాట నోటితో అను" అని రోజూ పోరేవాణ్ని. "చెప్తాలేరా" అనేవాడు. బ్రేకు గొడవ నాకు పట్టదు. నేర్చుకునేవాళ్లు ఇంకో స్కూలు చూసుకుంటారు, పోనీ. కానీ ఈ మనిషి ఆ ఒక్క మాట అనకపోతే జన్మంతా ఇలాగే ఉండిపోతాడని నా భయం. తినేవాడు, పడుకునేవాడు, చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. పదిగంటలకి మాత్రం టీ రెండు గ్లాసుల్లో పోసేవాడు. రెండోది పారబోయడానికి చేతులు రాక నేను తాగేవాణ్ని. నాకు టీ పడదు.

అలాంటప్పుడు వచ్చిందా టీచరమ్మ. అరవై రెండేళ్లుంటాయి, బక్కపల్చటి మనిషి. ఫర్నిచర్ షాపు పైన మేడ మీద హాల్లో బాల్‌రూమ్ డాన్స్ నేర్పుతుంది. అంటే జంటలు జంటలుగా ఒకరినొకరు పట్టుకుని హాలంతా చుట్టివచ్చే డాన్సు. ఈ వయసులో కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టిందట. మూడు రోజులు ఓపిక పట్టింది. నాలుగోరోజు నడిరోడ్డు మీద స్టీరింగు వదిలేసి బావ వైపు తిరిగింది.

"మాస్టారూ, బండి నేను నడుపుతున్నానా, మీరు ఆపుతున్నారా?"

"మీ మంచికేనండీ."

"నా మంచి సంగతి సరే. మీ కాలు మీ మాట వినట్లేదు. సాయంత్రం హాలుకి తీసుకురండి, దానికి నేను బుద్ధి చెప్తాను."

బావ వెళ్లనన్నాడు. కాలు కదిలితే నోరూ కదులుతుందేమోనని, వెళ్లి తీరాలన్నాను. రెండు రోజులు సతాయిస్తే, "అయితే నువ్వూ రా" అన్నాడు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అది నా నెత్తికి చుట్టుకుంది.

హాల్లో ఆడవాళ్లు అయిదుగురు, మా ఇద్దరితో కలిపి మగవాళ్లు ఏడుగురు. అందరికీ జంటలు కుదిరాక మేమిద్దరం మిగిలాం. "మీరిద్దరూ ఒక జంట" అంది టీచరమ్మ. ఆడమనిషి అడుగులు ఎవరు వెయ్యాలని అడిగాను. ఆవిడ మా ఇద్దరి ఎత్తూ చూసి, నావైపు వేలు చూపించింది. నాకు నలభై ఎనిమిదేళ్లు, గుబురు మీసం, బొజ్జ. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడమెందుకని బావ భుజం మీద చెయ్యేశాను.

ఈ డాన్సులో మగవాడు ముందుకొస్తుంటే ఆడమనిషి వెనక్కి నడవాలి. వెనకేముందో కనపడదు, ఎదుటివాణ్ని నమ్ముకుని నడవడమే. టీచరమ్మ "ఒకటి, రెండు, మూడు" అంటుంటే మా బావ నోట్లో "క్లచ్చు, గేరు, వదులు" అని గొణుక్కునేవాడు. మలుపు తిరిగేముందు భుజం మీంచి వెనక్కి చూసేవాడు, ఏదన్నా లారీ వస్తోందేమోనని. నన్ను వెనక్కి నడిపేటప్పుడు, "రానీ, రానీ, రానీ, కొంచెం ఎడమకి కొట్టు, ఆఁ, చాలు" అనేవాడు. హాలు హాలంతా నవ్వింది. ఇది చాలదన్నట్టు, పక్క జంట దగ్గరికొస్తే చాలు, ఆయన కుడికాలు ఠక్కున నేలకి దిగేది. అక్కడ బ్రేకు లేదు, నా బొటనవేలుంది.

"బావా, అది నా కాలు."

"అలవాటురా."

"అలవాటు నీది, గోరు నాది."

వారంలో రెండు గోళ్లు నల్లబడ్డాయి. మా ఆవిడ వేణ్నీళ్లు తెచ్చిపెడుతూ, "కొత్త కాపురం ఎలా ఉందండీ?" అని అడిగింది. ఆ కసితో మర్నాడు మా వీధి వెల్డర్ దగ్గర ముందు ఇనపరేకున్న బూట్లు అడిగి తెచ్చి తొడుక్కున్నాను. ఇక తొక్కుకో అని ధీమాగా నిలబడ్డాను. టీచరమ్మ చూడనే చూసింది.

"అవి విప్పెయ్యండి. ఆయన తొక్కితే ఎవరికో ఒకరికి నొప్పెట్టాలి. లేకపోతే ఆ కాలుకి తెలీదు."

నొప్పి నాకు, చదువు ఆయనకి. లోకంలో న్యాయం ఇలా ఏడిసింది.

కానీ ఆవిడ చెప్పింది నిజమే. నేను అబ్బా అన్నప్పుడల్లా బావ మొహం చిన్నబోయేది. వారం వారం ఆ కాలు మెత్తబడింది. మూడో నెలలో ఒకరోజు హాలు మొత్తం ఒక చుట్టు, ఎక్కడా తొక్కకుండా తిప్పాడు. కారూ కదిలింది. బ్యాంకు గుమస్తా వీధి మలుపు దాటేశాడు. దాటాక ఎటు వెళ్లాలో తెలీక గాభరా పడ్డాట్ట. టీచరమ్మకి లైసెన్సు కూడా వచ్చింది.

అక్క స్నానం మాత్రం అవలేదు. కాలు కదిలి ఏం లాభం, నోరు కదలందే అని నేను కుతకుతలాడిపోయేవాణ్ని.

డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. మేం నాలుగో చుట్టులో ఉన్నాం. ఆరోజే కొత్తగా చేరినావిడ పక్కనించి తిరుగుతూ, "అదేంటండీ, మీరిద్దరూ మగవాళ్లే? మీ ఆవిడ రాలేదా?" అని బావని పలకరించింది. మధ్యాహ్నం మూడింటికి స్నానం అన్నాడంటే అక్కడే చెయ్యి విదిలించుకుని కడిగేద్దామని నోరు సిద్ధం చేసుకున్నాను.

"లేదండీ," అన్నాడు బావ. "ఫిబ్రవరిలో పోయింది. ఉంటే మా అందరికంటే ముందు తనే నేర్చుకునేది."

అడుగు తప్పలేదు. ఆగిపోయింది నేను.

పది నెలలు ఆయన మీద గయ్యిమన్నాను. మరి నేనేం చేశాను? జిరాక్సులకొచ్చి "మీ అక్కగారేరీ, కనపట్టం లేదు" అని అడిగినవాళ్లతో "పక్కన మాస్టార్ని అడగండి" అనేవాణ్ని. ఒక్కరికంటే ఒక్కరికి చెప్పలేదు. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి పోయిందని నా నోటితో అనలేక, ఆయనతో అనిపించాలని ఆయన ప్రాణం తీశాను. ఆ సంగతి హాలు మధ్యలో, మీసమేసుకుని, ఆడమనిషి అడుగులేస్తూ తెలిసింది నాకు. భోరుమన్నాను.

వెనక జంట మా మీదికి వచ్చేస్తోంది. బావ నన్ను వదల్లేదు. వీపు మీద చెయ్యి ఇంకాస్త గట్టిగా వేసి, "ఏడుస్తూనే నడువు. ఏం పర్లేదు" అన్నాడు.

నాలుగడుగులు నడిచాను.

"అక్క లేదు బావా," అన్నాను.

"లేదురా," అన్నాడు, నన్ను నెమ్మదిగా మలుపు తిప్పుతూ.