మా ఆయనకి మొలల మందు

కవిటిలో కిడ్నీ జబ్బుతో మా ఆయన పోయాక పలాస వచ్చి, జీడిపప్పు ఏరే పనిలో చేరాను. పొద్దున పీట మీద కూర్చుంటే మళ్ళీ సాయంత్రానికే లేవడం. అద్దె గదిలో ఒక్కదాన్నే. తిన్నావా అని అడిగే దిక్కు లేదు. ఆ జబ్బంతా నీళ్ళ వల్లేనని మా ఊళ్ళో అనుకునేవారు. ఆ భయం నాతోపాటే పలాస వచ్చింది. గొంతు ఎండిపోతే తప్ప నీళ్ళు ముట్టేదాన్ని కాదు. అదేదో గొప్ప జాగ్రత్త అనుకున్నాను, నా మొహం.

ఒకరోజు దొడ్డికి వెళ్ళినప్పుడు ఎర్రగా రక్తం పడింది. మంట, దురద. చేతికి చిన్న బుడిపె తగిలింది. ఇంకేముంది, ఆయన జబ్బే నాకూ వచ్చిందనుకున్నాను. ఎవరితో చెప్పుకోను? పక్కన కూర్చుని పప్పు ఏరేవాళ్ళతో అనే మాటా ఇది?

కొన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి ఎస్టీడీ బూతు పక్కనున్న మందుల షాపుకి వెళ్ళాను. అక్కడ నిలబడ్డవాళ్ళంతా మగవాళ్ళే. రక్తం పడుతోందని గొంతు తగ్గించి చెప్పాను. షాపాయన మాత్రం అందరికీ వినబడేలా అడిగాడు.

"ఎవరికమ్మా?"

"మా ఆయనకండి." నోటికి అదే వచ్చింది.

"ఒంటేలుకెల్తేనా, దొడ్డికెల్తేనా?"

"దొడ్డికెల్తేనండి. దురద కూడా."

"అయితే మొలలమ్మా. కిడ్నీ జబ్బు కాదులే. ఈ ఆయింట్‌మెంటు రాసుకోమను. గోరెచ్చటి నీల్లు బేసిన్లో పోసుకుని కాసేపు కూకోమను. ఇసబ్‌గోల్ నీల్లల్లో కలిపి తాగాల. అవునుగానీ, మీ ఆయన నీల్లు తాగుతాడేటి?"

"తాగడండి. భయం."

"నీల్లు సాలకే ఇదొచ్చింది. బాగా తాగమని సెప్పు. వారంలో తగ్గకపోతే డాక్టరుకి సూపించాల."

గదికి వచ్చి చెంబుడు నీళ్ళు తాగాను. తాగుతూ ఏడ్చాను. బతికినందుకు సంతోషమే, కానీ ఆ సంతోషం చెప్పుకోవడానికీ మనిషి లేడు. మందు రాసుకున్నాను, చెప్పినట్టల్లా చేశాను. వారం తిరక్కుండానే రక్తం ఆగింది.

తర్వాత ఒకసారి ఆ దారిన వెళుతుంటే షాపాయన గుర్తుపట్టాడు.

"ఏటమ్మా, మీ ఆయనకి తగ్గిందా?"

కవిటిలో ఉన్నన్నాళ్ళూ ఎందరో ఈ మాటే అడిగారు. ఒక్కసారి కూడా అవునని చెప్పలేకపోయాను.

"తగ్గిందండి," అన్నాను. "పూర్తిగా తగ్గిపోయింది."