తాయారక్క ప్లేట్ చివర వేసిన గడులు

నిన్న పొద్దున ఫోన్.
"అమ్మ పోయింది పిన్నీ" అంది తాయారక్క కూతురు.
ఏ అమ్మ అని అడిగాను. అంత మొద్దుబారిపోయింది నా బుర్ర.

హార్ట్ ఎటాక్ అట. మొన్న ఆదివారమే కదా, టీలో పంచదార ఎక్కువైందని కొట్టువాడితో నా ఎదురుగానే గొడవ పెట్టుకుంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. తాయారక్క అంటే మంగతాయారు. రాజమండ్రిలో మేమిద్దరం ఒకే ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పనిచేశాం. నేను డిజైనింగ్, ఆవిడ ప్లేట్లు, అంటే అచ్చుకి బొమ్మ ఎక్కించే అల్యూమినియం రేకులు. ఫిల్మ్‌లు పోయి, కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేట్ తీసే మెషిన్ మా ఊరికి కొత్తగా వచ్చిన రోజులవి.

నిన్నటి నుంచి గ్రూపుల్లో పోస్టులు చూస్తున్నాను.
శాంతమూర్తి అట. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అట.

ఎవరండీ ఆవిడ? నాకైతే తెలియదు.

నాకు తెలిసిన తాయారక్క, కొత్త ప్లేట్ మీద టీ గ్లాసు పెట్టిన పెద్దమనిషిని ప్లేట్ రూమ్‌లోంచి బయటకి నడిపించింది. ఆయన మా ఓనరు గారి స్నేహితుడు. గ్లాసు మాత్రం మర్యాదగా చేతికిచ్చింది.

ఆవిడకి ఒక పట్టుదల ఉండేది.

అచ్చులో బొమ్మంతా సన్న చుక్కలే; ప్రింటింగ్ మెషిన్ మీద ఆ ఇంకు చుక్క ఎప్పుడూ కాస్త లావెక్కుతుంది. అందుకని కంప్యూటర్‌లో ముందే చుక్కల్ని సన్నం చేసి ప్లేట్ తీస్తారు. అక్క ఏం చేసేదంటే, ఆ దిద్దుబాటు తగలని చిన్న చిన్న గడులు ప్లేట్ చివర వేసేది. యాభై శాతం, అంటే సగం చుక్కలు సగం ఖాళీ అని రాసిన గడి ప్లేట్ మీద సరిగ్గా యాభై ఉంటే ప్లేట్ బాగున్నట్టే. ఇక తేడా వస్తే మెషిన్ దగ్గర వెతుక్కోవాలి.

కటింగ్‌లో ఎలాగూ పోయే అంచు అది. ఎవరికీ నష్టం లేదు.

కానీ దిద్దుబాటు లేదు కాబట్టి కాగితం మీద ఆ గడులు బొమ్మ కంటే ముదురుగా పడేవి. ఓనరు గారికి అదే కంటగింపు. "కస్టమర్ చూస్తే ప్లేట్ తప్పనుకుంటాడమ్మా, తీసెయ్" అనేవారు.
"ముదురుగానే పడాలండి. తీస్తే నేను ప్లేట్ ఇవ్వనండి" అనేది.

ఒకసారి ఆత్రేయపురం పూతరేకుల బాక్సులు పాడయ్యాయి. నెయ్యి రంగు కాస్తా మట్టిరంగులో దిగింది. అందరూ తప్పు ప్లేట్‌దే అన్నారు. అక్క ప్లేట్ తెచ్చి టేబుల్ మీద పెట్టి, చుక్కల శాతం కొలిచే మీటర్‌తో గడి చూపించింది. యాభై దగ్గర యాభై. తప్పు మెషిన్‌ది. మెషిన్ నడిపేది ఓనరు గారి బావమరిది.

అందరి ముందూ తేలిపోయింది. అది ఆవిడ చేసిన నేరం.

తర్వాత సర్వీసుకి వచ్చిన ఇంజనీరుతో కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్పించారు. గడులు ఉంచారు. కానీ బొమ్మకి వేసే దిద్దుబాటే గడులకీ వేయించారు. ఇప్పుడు కాగితం మీద ఒద్దికగా, ముద్దుగా పడుతున్నాయి. అక్కకి ఒక్క మాట చెప్పలేదు.

అన్నవరం వెళ్ళే ఒక టూరిస్టు బస్సుల వాళ్ళ క్యాలెండర్ చెడిపోయిన రోజు, ఈసారి మీటర్ పట్టుకున్నది బావమరిది. దిద్దుబాటు తగిలి సన్నబడిన గడి కదా, యాభై అని రాసినా ప్లేట్ మీద తక్కువ చూపించింది.
"నీ గడులే చెప్తున్నాయి కదా తాయారమ్మా" అన్నాడు.

అక్క వంగి ఆ గడి వంక చూసింది.
"దిద్దిన గడి ఏం చెప్తుందండి?" అంది.

 మర్నాటి నుంచి రావద్దన్నారు. ప్లేట్లు పాడు చేస్తుందని ఊళ్ళో ప్రెస్సులన్నిటికీ చెప్పారు. తర్వాత సెట్టింగ్ తెరిచి చూసి నేను ఓనరు గారికి చెప్తే, "అయిపోయిందిగా, ఇప్పుడెందుకమ్మా" అన్నారు.

రాజమండ్రిలో మళ్ళీ ఎవరూ ఆవిడ చేతికి ప్లేట్ ఇవ్వలేదు. జెరాక్స్ షాపులో లామినేషన్ చేసుకుంటూ బతికింది. ప్లేట్లు పాడు చేస్తుందన్న ఆ మాట చెరిపేయమని మాత్రం చివరిదాకా ఎవరినీ బతిమాలలేదు.

నిన్న సాయంత్రం ఓనరు గారు కూడా పోస్ట్ పెట్టారు. "మా సంస్థకు పెద్ద దిక్కు" అట. పైన అక్క ఫోటో. మొహం తెల్లగా చేశారు. కనుబొమల మధ్య ముడత తీసేశారు. నవ్వుతున్నట్టు పెదవులు కూడా కాస్త సాగదీశారు.

అందుకే నా దగ్గరున్న పాత ఫోటో వెతికి తీశాను.

కింద నేను పెట్టిన ఫోటో ప్లేట్ రూమ్‌లో తీసింది. అందులో అక్క ఫోటో తియ్యొద్దని నన్ను తిడుతోంది. ముడత ఉంది. మచ్చ ఉంది. నేనేమీ దిద్దలేదు. అక్కని చూడాలనుకునేవాళ్ళు దీన్ని చూడండి.

వెళ్ళిరా అక్కా. అక్కడైనా నీ గడుల జోలికి ఎవరూ రాకూడదు. నీ మనసు ఇకనైనా చల్లగా ఉండాలి.