తమరి దయండి

మా అమ్మ తన తమ్ముడికి నేర్పిన మొదటి మర్యాద "తమరి దయండి" అనడం. పెద్దవాళ్ళెవరైనా "ఏరా, బాగున్నావా?" అని అడిగితే చేతులు జోడించి ఆ మాట అనాలి. ఒళ్ళు కాలిపోతున్నా సరే, పొద్దుటినుంచి కడుపులో ఏమీ పడకపోయినా సరే. అమ్మమ్మా తాతయ్యా ముందే పోవడంతో అతన్ని పెంచింది అమ్మే. అనడం మరిచిపోతే నెత్తిన మొట్టికాయ వేసేదట. మావయ్య పెద్దయ్యాక కూడా ఆ మాట మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే బతికేవాడేమో.

ఇది ఎనభైల్లో మాట. మేము కొలకలూరులో ఉండేవాళ్ళం. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. నేనూ ఆయన క్లాసులో కూర్చున్నదాన్నే. ప్రాథమిక హక్కుల పాఠం వచ్చిందంటే ఆయనకి పూనకం వచ్చేది. "మనిషిని అరెస్టు చేస్తే ఎందుకు చేశారో చెప్పాలి. లాయర్ని పెట్టుకోనివ్వాలి. ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మంత్రి కొడుకైనా అంతే, పాలేరైనా అంతే!" అని బల్ల గుద్దేవారు. పాలేరు అన్నప్పుడల్లా నాకు మావయ్య గుర్తొచ్చేవాడు. అతను రేపల్లె అవతల, అడవులదీవి వైపు, ఒక ఆసామి దగ్గర పాలేరుగా ఉండేవాడు.

ఆ ఆసామి పొలానికి నీళ్ళు తోడే ఆయిలింజను ఒక రాత్రి కాలవగట్టు మీద నుంచి మాయమైంది. కాపలా మావయ్యది. ఇంకేం కావాలి? పోలీసులు వచ్చి పట్టుకెళ్ళారు. ఆ స్టేషన్ ఏ ఊళ్ళోదో నేను చెప్పను. చెప్పినా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. కబురు మాకు ఆలస్యంగా అందింది. నాన్న ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని తెనాలిలో రేపల్లె రైలెక్కారు. అమ్మా నేనూ వెంట వెళ్ళాం.

అక్కడి ఎస్సై మమ్మల్ని కసరలేదు. "రండి మాస్టారూ" అని కుర్చీ వేయించాడు, టీ కూడా తెప్పించాడు. నాన్న గొంతు సవరించుకుని రాజ్యాంగం దగ్గర మొదలుపెట్టారు.

"అరెస్టు చేసి ఇరవై నాలుగు గంటలు దాటిపోయిందండి. మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాలి కదండి."

"అరెస్టు ఎవరు చేశారండీ?" అన్నాడు ఎస్సై, నిజంగానే ఆశ్చర్యపోయినట్టు. "ఊరికే మాట్లాడదామని కూర్చోబెట్టాం. అరెస్టు చేసిన రోజు మీకు చెబుతాం కదా. మీ గంటలేవో అప్పట్నుంచి లెక్కెట్టుకోండి."

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. అమ్మ ఆ దగ్గు పోల్చుకుంది. నాన్న టీ గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ ఆడపిల్లని, నోరెత్తితే పని చెడుతుందని అమ్మ నా చెయ్యి నొక్కి పట్టుకుంది.

పోలీసుల ఆ "మాటలన్నీ" అయిపోయాక, ఆ వారంలోనే ఎప్పుడో అరెస్టు చూపించి కోర్టుకు తీసుకొచ్చారు. వరండాలో మావయ్య పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని, ముసలివాడిలా వంగి నిలబడ్డాడు. కానిస్టేబులు బీడీ కోసం అటు తిరిగినప్పుడు నాన్న దగ్గరికి వెళ్ళారు.

"మూత్రంలో నెత్తురు పడతంది బావా," అన్నాడు మావయ్య మెల్లిగా.

"భయపడకు. లోపల అయ్యగారు నిన్నే అడుగుతారు, ఏమైనా చెప్పుకునేది ఉందా అని. కొట్టారని చెప్పు. చొక్కా ఎత్తి చూపించు. అంతే. నిన్ను ఆసుపత్రికి పంపిస్తారు, వీళ్ళ చేతుల్లోంచి బయటపడతావు. ఏం చెబుతావు?"

"కొట్టారండీ అంటాను. చొక్కా ఎత్తుతాను."

నాన్న క్లాసులో పిల్లల చేత అనిపించినట్టు ఇంకోసారి అనిపించారు. మావయ్య తడుముకోకుండా అన్నాడు. అమ్మ ముఖం కాస్త తేటపడింది.

ఆ మేజిస్ట్రేటు మంచివాడు. నా కడుపుమంటంతా అదే. కసిరి అడిగే మనిషైతే మావయ్య నోట్లోంచి నిజం ఊడిపడేది. ఆయన కళ్ళజోడు తీసి, ఇంటికొచ్చిన మనిషిని పలకరించినట్టు, "ఏం బాబూ, బాగున్నావా? ఇబ్బందేమీ లేదుగా?" అని అడిగాడు.

అప్పటికే చొక్కా అంచు పట్టుకున్న మావయ్య చెయ్యి దాన్ని వదిలేసింది. రెండు చేతులూ జోడించాడు.

"తమరి దయండి. ఏం ఇబ్బంది లేదండి."

నాన్న లేచి "అయ్యా" అనేలోపే బంట్రోతు ఇంకో పేరు పిలిచేశాడు. "కూర్చోండి సార్" అని ఎవరో ఆయన భుజం నొక్కారు. మావయ్యని తీసుకెళ్తున్నప్పుడు అతను అమ్మ వైపు చూశాడు. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఆ చూపే. పెద్దమనిషి అడిగితే మర్యాదగా జవాబు చెప్పాను కదక్కా, అన్నట్టుంది.

జైల్లో ఒళ్ళంతా వాచిపోయాక ఆసుపత్రికి తెచ్చారు. మూత్రపిండాలు పనిచేయడం లేదన్నారు. అక్కడే పోయాడు. ఆయిలింజను ఎవరు తీశారో నేటికీ తెలియదు.

ఆ తర్వాత కూడా నాన్న ప్రాథమిక హక్కుల పాఠం చెప్పారు. పుస్తకం చేత్తో పట్టుకుని, తల ఎత్తకుండా చదివేసేవారు. బల్ల గుద్దడం మానేశారు.

తొంభైల్లో నేనూ సోషల్ టీచరునై బాపట్లలో చేరాను. హక్కుల పాఠానికి ముందు పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి "బాగున్నావా?" అని అడుగుతాను. "బాగాలేనండి" అని చెప్పాలి. కిసుక్కున నవ్వుతారు. నవ్వకుండా అనేదాకా వదలను. అది నాకు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

మావయ్య పోయిన కొత్తలోనే, ఆ చావు మీద విచారణకి ఒక ఆఫీసరు వచ్చాడు. అయ్యగారు అడిగారు, అతను ఏం లేదన్నాడు, రికార్డులో ఉంది అని పిలిచినవాళ్ళందరిదీ ఒకటే మాట. చివరికి అమ్మని పిలిచారు. ఈయనా నెమ్మదస్తుడే. పక్కన గుమాస్తా కాగితాలు సర్దుకుంటున్నాడు.

"రామ్మా, కూర్చో. బాగున్నావా?"

అమ్మ చేతులు వాటంతటవే దగ్గరికొచ్చాయి. ఆమె వాటిని చూసుకుంది. విడదీసి కిందికి దించింది.

"బాగాలేనండి."

ఆఫీసరు తలెత్తాడు. "అదికాదమ్మా, నీ ఆరోగ్యం అదీ..."

"నేను బాగాలేనండి. ఆ రోజు మా తమ్ముడూ బాగాలేడండి. అయ్యగారు మంచిగా అడిగారని అట్టా అన్నాడండి. అట్టా అనాలని నేనే కొట్టి నేర్పానండి. ఆడి ఒళ్ళు చూస్తే తెలిసేదండి, ఎవరూ చూళ్ళేదండి."

గుమాస్తా గబగబా కలం మూత తీశాడు.

"అది రాయకు," అన్నాడు ఆఫీసరు. "వాంగ్మూలం ఇంకా మొదలుపెట్టలేదు."