ఖో అనందే లేవని ఎనిమిది మంది

మా చిన్నప్పుడు శుక్రవారం మధ్యాహ్నమైతే చాలు... రేపల్లెలో మేం చదివిన హైస్కూలు రెండుగా చీలిపోయేది. చివరి రెండు పీరియడ్లూ క్లబ్బులు. మగపిల్లలకు ఆటల క్లబ్బు, అంటే గ్రౌండంతా వాళ్ళదే. ఆడపిల్లలకు కుట్లు అల్లికల క్లబ్బు, అంటే ఓ గదీ, రెండు కుట్టుమిషన్లూ. మీకేం కావాలమ్మా అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది, కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టారు పొద్దున్నే బడికి ముందు మాకు ఖోఖో నేర్పడం మొదలుపెట్టారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా... తరిమే జట్టులో ఎనిమిది మంది వరసగా, ఒకరు అటూ ఒకరు ఇటూ తిరిగి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి పరిగెడుతుంది. ఆమె వెనక నుంచి తట్టి "ఖో" అంటేనే కూర్చున్న పిల్ల లేవాలి. అనకుండా లేస్తే తప్పు.

మా కెప్టెన్ నాగమణి. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. ఆ పిల్లకు భయపడటం ఎవరూ నేర్పలేదు. మొదట పరిగెత్తే తొమ్మిదో మనిషిని నేను.

బాపట్లలో జరిగే జోనల్ పోటీలకు మా జట్టు పేరు పంపారు. రేపల్లె నుంచి తెనాలి, అక్కడ రైలు మారి బాపట్ల... అమ్మానాన్నలు లేకుండా అంత దూరం మాలో ఎవరూ వెళ్ళి ఎరగరు. నాకైతే ఆ సంతోషంలో అన్నం కూడా సయించేది కాదు.

మరి పోటీల్లో లంగా ఓణీలతో ఖోఖో ఎలా ఆడతాం? పేరాలలో మగ్గం నేసే మా పెద్దమ్మ గళ్ళ లుంగీ గుడ్డ పంపింది. కుట్ల క్లబ్బులోనే తొమ్మిది పైజమాలు కుట్టేశాం. కుట్టు టీచరుగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. జేబురుమాళ్ళ మీద గులాబీలు కుట్టడం తప్ప ఏమీ రాదు మాకు... రెండు కాళ్ళూ కలిసే చోట అదనంగా ఓ గుడ్డముక్క వేయాలని తొమ్మిది మందిలో ఒక్కరికీ తట్టలేదు. అంచులకు మాత్రం గొలుసుకుట్టు ముచ్చటగా వేశాం.

వాటితో మొదటిరోజు ప్రాక్టీసులో నేను వంగి మలుపు తిరగ్గానే పైజమా పర్రున చిరిగింది. పైన పొడుగు చొక్కా ఉంది కాబట్టి సరిపోయింది. కానీ గోడ మీద కూర్చున్న మగపిల్లలు ఈలలేశారు. సాయంత్రానికి ఆ సంగతి ఊరంతా పాకింది. మర్నాడు హెడ్మాస్టారు మమ్మల్ని పిలిచారు.

"తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు అని పెద్దలు ఊరికే అన్నారా? బాపట్లా లేదు, గీపట్లా లేదు. వెళ్ళి కుట్లు నేర్చుకోండమ్మా."

నాకు సిగ్గు కలగలేదు, ఒళ్ళు మండిపోయింది. చిరిగింది నా పైజమా... ఆగిపోయింది తొమ్మిది మంది ఆట.

ఆ శుక్రవారం క్లబ్బుల గంట కొట్టగానే మేం కుట్టు గదికి వెళ్ళలేదు. ముక్కలు వేసి మళ్ళీ కుట్టుకున్న పైజమాలతో నేరుగా గ్రౌండు మధ్యకు నడిచాం. ఎనిమిది మందీ వరసగా కూర్చున్నారు. మగపిల్లలు క్రికెట్ ఆడేది సరిగ్గా అక్కడే. కబురు అంది హెడ్మాస్టారు వచ్చారు.

"లేవండమ్మా, ఏంటిది ఎండలో?"

నాగమణి తల కూడా తిప్పలేదు. "ఖో అంటే లేస్తామండి. అనకుండా లేస్తే ఫౌలండి సార్."

ఆయన డ్రిల్లు మాస్టారి వైపు చూశారు. "రూలు అదేనండి" అన్నారాయన నేల చూపులు చూస్తూ.

అప్పుడు హెడ్మాస్టారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు మరి. లేవమను."

మా నాన్నకు కూడా చదువు చెప్పిన మనిషి ఆయన. "బాపట్ల పంపిస్తానంటే చెబుతానండి" అన్నాను.

ఒక పీరియడు గడిచింది. రెండోదీ సగమైంది. మగపిల్లలు బ్యాట్లు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు, ఒక్కడూ ఈల వేయలేదు. చివరికి ఆయన, "ఇళ్ళల్లో సంతకాలు పెట్టించుకురండి. కుట్టు టీచరుగారు వెంట వస్తారు" అని వెళ్ళిపోయారు. నేను వరస పొడుగునా నడుస్తూ ఒక్కొక్కరినీ తట్టి ఎనిమిది సార్లు "ఖో" అన్నాను.

గెలిచారా అని అడుగుతారు కదా... మొదటి ఆటలోనే చిత్తుగా ఓడిపోయాం. తిరుగు రైల్లో తెనాలి దాకా ఏడ్చాం. తెనాలి నుంచి రేపల్లె దాకా పాటలు పాడాం. మరుసటి ఏడాది ఆటల క్లబ్బు పట్టీలో పదిహేడు మంది ఆడపిల్లల పేర్లున్నాయి. మమ్మల్ని ఓడించినవాళ్ళు కూడా ఈ పని చేసి ఉండరు.

ఇప్పుడు మా అమ్మాయి చదివే బడిలో బోలెడు క్లబ్బులు, ఒక్కోదానికి ఒక్కో రంగు బ్యాడ్జీ. ట్రాక్ ప్యాంట్లు ఏ కొట్లో చూసినా దొరుకుతాయి. గ్రౌండు ఉండాల్సిన చోట మాత్రం బస్సులు నిలబడుతున్నాయి. మొన్న ఓ కాగితం పంపారు... పదో తరగతి కాబట్టి ఆటలు మాన్పించడానికి మాకు సమ్మతమేనని తల్లిదండ్రులు సంతకం పెట్టాలట.

నేను పెట్టలేదు.

మీ చేత కూడా ఎవరో ఒకరు ఏదో ఒక ఆట మాన్పించే ఉంటారు... మాన్పించినవాళ్ళ పేర్లు నాకొద్దు. కింద ఆ ఆట పేరు రాయండి.