పెట్టె మీది బొట్లు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వెళ్లే బస్సులో ఆ సీట్లో ఉన్నవి: నేను, నా ఒళ్లో ఆటల కోసం నేనే బిగించుకున్న కంప్యూటర్ పెట్టె, పక్కన ఫ్యాక్టరీ డ్యూటీ దిగిన ఒక పెద్దావిడ, ఆమె టిఫిన్ డబ్బా. పెట్టె కొనేవాడు సంగారెడ్డిలో ఎదురుచూస్తున్నాడు. రుద్రారం దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. నా మోకాలు మాత్రం ఆగడం లేదు.

"ఏంది బిడ్డా, గంత పరేషానయితున్నవ్?"

అమ్మేస్తున్నానని చెప్పాను. కొత్త ఆటలకు దీని గ్రాఫిక్స్ కార్డు చాలదు. టీవీకి తగిలించి ఆడుకునే కన్సోల్ కొంటే ఏళ్లపాటు ఏదీ మార్చక్కర్లేదు, ఆటలే దానికి తగ్గట్టు వస్తాయి.

"గది పాతదయితే పార్టు మారుస్తరా?"

"లేదు పెద్దమ్మా, మొత్తం కొత్తదే కొనాలి."

ఆమె చూపు పెట్టె మీది అయిదు కుంకుమ బొట్ల మీద పడింది. ప్రతి దసరాకు ఆయుధ పూజలో అమ్మ పాత బొట్టు తుడవకుండా పక్కనే కొత్తది పెడుతుంది.

"మా మిషన్లకు గూడ గిట్లనే పెడ్తం. అమ్మితే అమ్ము గని, బొట్లు తుడిచియ్యి. మీ అమ్మ పెట్టినయి వేరేటోళ్లకెందుకు?"

రుమాలు తీసి మొదటి బొట్టు తుడవబోయాను. చెయ్యి ముందుకు పోలేదు.

"ఏమాయె, రుమాలు మాసిపోతదా?" అని ఆమె నవ్వింది.

బస్సు కదిలాక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి వెళ్లే బస్సెక్కాను. కార్డు ఒక్కటే మార్చాను.

ఇప్పుడు పెట్టె మీద తొమ్మిది బొట్లున్నాయి.