లోపల పెట్టుకోమన్న బిళ్ళలు

ముందే చెబుతున్నాను, ఇది నా పరువు నా రవికలోనే కరిగిపోయిన కథ. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు దాచుకునే ఓపిక కూడా లేదు, అందుకే రాస్తున్నాను. చదివి నవ్వుకోండి, నేను అడ్డుపడను.

ఎనభైల మొదట్లో సంగతి. వరికుంటపాడు దగ్గర మా ఊరు. నాకు ఇరవై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక మంద గొర్రెలు, ఒక అత్త. అన్నిటికంటే బరువు అత్తే. ఆ ఎండాకాలం వీటికి తోడు దురద ఒకటి వచ్చి చేరింది. ఎక్కడ అని అడక్కండి. మా ఇంట్లో ఆ చోటికి పేరు లేదు. గొర్రె ఈనితే మగవాళ్ళు కూడా చుట్టూ కూర్చుని దాని ఒంట్లో ప్రతిదాన్నీ పేరు పెట్టి మాట్లాడతారు. మనిషి దగ్గరకు వచ్చేసరికి మాత్రం 'ఆడ', అంటే అక్కడ. అంతే. ఆడ నొప్పి, ఆడ మంట.

కూర్చుంటే మంట, నడిస్తే మంట, మా ఆయన పక్కకు వస్తే ఏడుపు. పాపం ఆయన విసుగెత్తి గొర్రెల దొడ్డిలో మంచం వేసుకున్నాడు. "ఏందిమే, మొగుడితో తగువా?" అని అత్త రోజుకు రెండుసార్లు అడిగేది. ఏమని చెప్పను? ఆ రోగం చెడిపోయిన ఆడవాళ్ళకే వస్తుందని బావి దగ్గర ఎవరి గురించో ఈ అత్తే అనగా విన్నాను. చెబితే ఇంట్లో ఉండనిస్తుందో లేదో.

మూడు నెలలు ఓర్చుకుని, పంటి నొప్పి అని అబద్ధమాడి ఆత్మకూరు ఆసుపత్రికి బయలుదేరాను. ఉదయగిరి దగ్గరే కానీ, అక్కడ తెలిసిన మొహాలు ఎక్కువ. అత్త నా దవడలో లవంగం కుక్కి మరీ పంపింది. బస్సులో కండక్టరు టికెట్టు చింపి ఇచ్చి, "లోపల పెట్టుకోమ్మా, చెకింగ్ వస్తాది" అన్నాడు. రవికలో పెట్టుకున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. నన్ను ముంచింది ఇదే.

ఆసుపత్రిలో జైనబ్బీ అని ఒక నర్సమ్మ. తెర చాటున పరీక్ష చేసింది. మందులిచ్చే కిటికీ దగ్గరకు వచ్చాక నా వెనక వరసలో ఉన్న మగవాళ్ళను చూసి గొంతు తగ్గించింది.

"ఏడు బిళ్ళలుండాయి. దినామూ పండుకునే ముందర ఒకటి లోపల పెట్టుకో."

"లోపలా?"

"లోపలే. మింగబాకు."

"ఎవురికన్నా కనపడితే?"

"లోపల పెట్టుకుంటే ఎట్ట కనపడతాదిమే? ఫో, ఫో."

డబ్బా మీద అక్షరాలు ఉన్నాయి. నా కంటికి అవి చీమల బారు. ఇంటికొచ్చి, చెప్పినట్టే లోపల పెట్టుకున్నాను. రవిక లోపల. తాయెత్తు కట్టుకుంటే జ్వరం దిగినప్పుడు బిళ్ళ పెట్టుకుంటే దురద దిగదా? మూడు రోజులు కుడి పక్కన, నాలుగు రోజులు ఎడమ పక్కన. ఒక పక్కకు అన్యాయం చేయకూడదు కదా!

ఆ బిళ్ళలు కొవ్వొత్తి ముక్కల్లా ఉండేవి. మా వైపు ఎండకు రాళ్ళే చెమటలు పడతాయి, ఇవెంత? తెల్లారేసరికి మాయం. మందు ఒంట్లోకి ఇంకిందని సంబరపడ్డాను. దురద మాత్రం ఇంకలేదు. ఏడో రోజు పొద్దున కసువు చిమ్ముతుంటే అత్త నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏందిమే ఆ తెల్లమరకలు? పాలు పడతన్నాయా?"

"పాలు కాదత్తా."

"నలుగుర్ని కన్నదాన్ని, నాకు తెలవదా? ఎన్నో నెల?"

బిళ్ళలని చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఎక్కడని అడుగుతుంది. ఆ ఎక్కడికి పేరు లేదు. తల దించుకున్నాను. అత్త దాన్ని సిగ్గు అనుకుంది.

మధ్యాహ్నానికి వీధి వీధంతా తెలిసిపోయింది. పక్కింటామె మామిడికాయలు తెచ్చింది. అత్త కొడుకును పిలిచి, "నువ్వు దొడ్లోనే పండుకోరా. వట్టి మనిషి కాదు, దాని జోలికి పోబాక" అంది. ఆయన నా మొహం చూస్తూ ఒక్కొక్క వేలే మడవడం మొదలుపెట్టాడు. మూడు నెలలుగా దొడ్లో పడుకున్న మగవాడు అలా నెలలు లెక్కపెడుతుంటే ఆ వేళ్ళు నా గొంతు మీద పడుతున్నట్టే ఉంది.

"అత్తా, రేపే ఆత్మకూరుకి పోదాం పా" అన్నాను నేనే.

నర్సమ్మ నన్ను చూడగానే, "అన్ని బిళ్ళలూ పెట్టుకున్నావా?" అంది.

"పెట్టుకున్నా నర్సమ్మా. కుడి పక్క మూడు, ఎడమ పక్క నాలుగు."

"పక్కలేంది?"

చూపించాను. ఆమె నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడింది. ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"తప్పు నీది గాదు. మొగోళ్ళు వింటారని నేనే నోరు మూసుకుంటిని." తర్వాత ఆ చోటి పేరు గట్టిగా చెప్పింది. యోని. ఇద్దరు బిడ్డలు వచ్చిన దారికి పేరుందని నేను వినడం అదే మొదలు. ఆసుపత్రి కప్పు కూలలేదు. "ఇది చెడిపోయినోళ్ళ రోగం గాదు. జలుబు మాదిరి ఎవురికైనా వస్తాది. తలుపేసుకోని, చిన్న అద్దం పెట్టుకోని చూసుకో. నీ ఒళ్ళు నువ్వు చూసుకుంటే తప్పేంది? తగ్గిందాకా మొగుణ్ణి రావద్దను. తగ్గినాక కూడా నీకిష్టమైతేనే."

అత్త బల్ల మీద కూర్చుని అంతా వింటోంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"అయితే కడుపు లేదా?" అంది.

"లేదు పెద్దమ్మా."

అత్త బల్ల మీద నుంచి లేచింది. తర్వాత మెల్లగా నర్సమ్మ పక్కకు జరిగింది.

"ఆ బిళ్ళలు ఇంకో ఏడుంటే నాకూ ఇయ్యి తల్లీ. ఇరవై ఏళ్ళుగా ఓర్చుకుంటా ఉండాను."

"ముందర చూడాల. యాడ పెద్దమ్మా?"

అత్త నా వైపు చూసింది, తెర వైపు చూసింది.

"అదే... ఇప్పుడు నువ్వు పేరు చెప్తివే, ఆడ."

ఇంటికి రాగానే కొడుకుతో, "కడుపూ లేదు గిడుపూ లేదు, ఆ వేళ్ళు ఇప్పరా" అంది. నర్సమ్మ ఇచ్చిన కొత్త బిళ్ళలు ఈసారి పేరున్న చోటే పెట్టుకున్నాం, ఇద్దరికీ నయమైంది. బావి దగ్గర ఎవరైనా చెడిపోయిన ఆడవాళ్ళ రోగం అంటే ముందుగా బిందె ఎత్తి కొట్టబోయేది అత్తే.

యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. మిగతావాళ్ళు దేవుడి పేరు చదువుకున్నారు, నేను మందు డబ్బాలు చదివాను. కూడబలుక్కుని చదివినా ఎక్కడ పెట్టుకోవాలో తెలిసింది.

కాబట్టి మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నర్సమ్మే కానీ, డాక్టరే కానీ, చివరికి బస్సు కండక్టరే కానీ, ఎవరు 'లోపల పెట్టుకో' అన్నా, ఎక్కడి లోపలో పేరు పెట్టి చెప్పించుకోనిదే అక్కడి నుంచి కదలను.