చెవిలో చదివే పేపరు

కాలేజీ లైబ్రరీలో తెలుగు పేపరు ఆపేసి ఏళ్లయింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు. నాకు చదువు అంతంతమాత్రం. రైల్వే షెడ్డులో నాతో డ్యూటీ చేసిన అప్పలస్వామి అక్కడి బల్ల దగ్గర గట్టిగా చదివేవాడు. మేమంతా విని ఆ వార్తల మీద దెబ్బలాడుకునేవాళ్లం. పేపరు ఆగాక ఒక్కొక్కరే రావడం మానేశారు. నేను మానలేదు.

ఈ రోజు లైబ్రేరియన్ అమ్మాయి నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. మన రైల్వే వాళ్ల పిల్లే.

"తాతగారూ, తెలుగు పేపర్లన్నీ ఇప్పుడు ఇందులో వస్తన్నాయి. మీరు చదవక్కర్లేదు, అదే చదివేస్తాది."

"మధ్యలో ఆగి నాతో దెబ్బలాడతాదేటి?"

"అచ్ఛా, అదొక్కటీ రాదు" అని నవ్వింది. "హెడ్‌ఫోన్ పెట్టుకోండి, పక్కవాళ్లకి డిస్టర్బ్ అవుతాది."

పక్కకి చూశాను. కుర్చీలన్నీ ఖాళీ.

గొంతు బాగానే ఉంది. ఒక వార్త వినగానే ఒళ్లు మండి ఓ మాట అన్నాను. అది ఆగకుండా తరవాతి వార్తలోకి పోయింది.

మన ఊళ్లో దయాల్‌బంద్, రాజ్‌కిశోర్ నగర్ పేటల తెలుగువాళ్లూ, ఆ బల్ల దగ్గరికి మళ్లీ ఎవరొస్తారు? ఆదివారం లోపు ఈ గ్రూపులోనే జవాబు చెప్పండి. చదవడం రాకపోయినా ఫర్వాలేదు, దెబ్బలాడటం వస్తే చాలు.